సూదులు, ఊలు, ఒక పాత బనియను

కిందటి నెల ఈ పేజీ చివర్లో, చలి మొదలవుతోంది కదా అల్లిక నేర్చుకోవాలనుకునేవాళ్ళు రాయండి అని ఒక్క ముక్క రాశాను. స్వెట్టరు డిజైన్లు అడుగుతారనుకున్నాను. తీరా చూస్తే ముప్పాతిక మంది మొదటి కుట్టు దగ్గరే ఆగిపోయి ఉన్నారు. అందుకని ఈసారి అన్నీ మొదటి మెట్టు ప్రశ్నలే. చెయ్యి తిరిగినవాళ్ళు పేజీ తిప్పేసి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను.

ప్రశ్న: మూడు రోజులుగా వీడియోలు చూస్తున్నాను. ఒకరు 5 మిల్లీమీటర్ల సూదులంటారు, ఇంకొకరు 8 నంబరంటారు. షాపులో "కొంచెం పెద్దవి ఇవ్వండి" అంటే 10 నంబరు ఇచ్చాడు, ఇంటికొచ్చి చూస్తే పుల్లల్లా ఉన్నాయి. అసలు ఏం కొనాలి?
- ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: షాపతన్ని తిట్టుకోకండి. మన దగ్గర చాలా షాపుల్లో ఇప్పటికీ పాత ఇంగ్లండు నంబర్లే నడుస్తున్నాయి, వాటిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. అమెరికా లెక్క దీనికి పూర్తిగా రివర్సు, అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. మీరు చూసిన వీడియోల్లో ఒకటి అటుది, ఒకటి ఇటుది అయ్యుంటుంది. నంబరు సంగతి వదిలేసి మిల్లీమీటర్లు చూసి కొనండి. మొదటిసారికి 4 గానీ 4.5 గానీ తీసుకోండి, పది పన్నెండు అంగుళాల పొడవు చాలు. వెదురు సూదులు దొరికితే మంచిది, వాటిమీద ఊలు కాస్త పట్టుకుని ఉంటుంది. అల్యూమినియంవి నున్నగా ఉంటాయి కాబట్టి కొత్తలో కుట్లు జారిపోతుంటాయి, అయినా వాటితో నేర్చుకున్నవాళ్ళే ఎక్కువ, నేనూ అంతే.

ఊలు మాత్రం నా మాట వినండి. లేత రంగు, ఒకే రంగు, నున్నటి దారం, మరీ సన్నం కాదు. బొచ్చు బొచ్చుగా ఉండే ఊలు చేతికి మెత్తగా తగిలి కొనేయాలనిపిస్తుంది గానీ దాన్లో కుట్టు ఎక్కడుందో కనపడదు, తప్పు చేస్తే విప్పడానికీ రాదు. నలుపు అసలు వద్దు. రాత్రి ట్యూబులైటు కింద నల్ల ఊలుతో నేర్చుకోవాలని కూచున్న మా వదిన నాలుగో రోజు సూదులు తెచ్చి నాకిచ్చేసింది, ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

ఇరవై కుట్లతో మొదలుపెట్టి అల్లుతూ, విప్పుతూ, మళ్ళీ అల్లుతూ ఉండండి. మొదటి వారం అది ఏ వస్తువూ కానక్కర్లేదు.

ప్రశ్న: మా పక్కింట్లో ఉండే పంజాబీ ఆంటీ నాకు సీధా, ఉల్టా అని రెండు కుట్లు నేర్పి, నెల తిరక్కుండానే ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయారు. నాకేమో రెండూ ఒకేలా కనపడుతున్నాయి. మధ్యలో ఫోనొస్తే తిరిగొచ్చేసరికి ఏది వేస్తున్నానో గుర్తుండదు.
- ఓ గృహిణి, విజయవాడ

జవాబు: ఇంట్లో పాత బనియను ఉంటే తెచ్చుకోండి. ఎగతాళి కాదండీ, నిజంగానే చెబుతున్నాను. బనియను, టీషర్టు, ఇవన్నీ నేసినవి కావు, అల్లినవి. మన చీరలో పడుగూ పేకా రెండు దారాలు అడ్డంగా నిలువుగా వెళ్తాయి. బనియనులో అలా కాదు, ఒక దారం ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు, దాన్లోంచి ఇంకోటి. తిరుప్పూరు మిల్లుల్లో మిషన్లు చేసేదీ మీరు రెండు సూదులతో చేసేదీ ఒకటే పని. 1589లోనే విలియం లీ అనే ఇంగ్లండు ఆయన మేజోళ్ళు అల్లే యంత్రం కట్టాడు, ఆ దారినే ఇవన్నీ వచ్చాయి.

ఇప్పుడా బనియను బయటి వైపు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూడండి, కావాలంటే ఫోను కెమెరాతో జూమ్ చేయండి. నిలువుగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఇంగ్లీషు వి అక్షరాలు కనిపిస్తాయి. అది సీధా, పుస్తకాల్లో నిట్ అంటారు. లోపలి వైపు తిప్పండి. అడ్డంగా చిన్న చిన్న బుడిపెలు. అది ఉల్టా, అంటే పర్ల్. అక్కడ రెండు కుట్లు లేవు, ఉన్నది ఒకటే కుట్టు, ముందు నుంచి చూస్తే సీధా, వెనక నుంచి చూస్తే ఉల్టా. మీకు రెండూ ఒకేలా కనపడటంలో అన్యాయమేమీ లేదు!

సూది మీద ఉన్నప్పుడు గుర్తుపట్టడం ఇంకా తేలిక. ఉచ్చు మెడ కింద అడ్డంగా పూస కట్టుకున్నట్టు బుడిపె ఉంటే మీవైపున్నది ఉల్టా. పూస లేకుండా రెండు కాళ్ళు దిగుతుంటే సీధా. ఇది ఒక్కటి కంటికి అలవాటైతే ఫోన్లు ఎన్నొచ్చినా ఫర్వాలేదు, ఎక్కడున్నారో అల్లికే చెబుతుంది. చాలామంది వరుసలు లెక్కపెట్టుకుంటూ, కాగితం మీద గీతలు గీసుకుంటూ టెన్షన్ పడతారు. లెక్క మంచిదే, కాదనను, కానీ చూడటం ముందు నేర్చుకోవాలి.

ఇక వేసే పద్ధతి. నేను పిల్లలకు నాలుగు మాటల్లో చెబుతాను: గుచ్చు, చుట్టు, లాగు, వదులు. సీధాకి దారం వెనక ఉంటుంది. కుడి సూది మొనని మొదటి ఉచ్చులోకి ఎడమ నుంచి కుడికి, ముందు నుంచి వెనక్కి గుచ్చండి. వెనకున్న దారాన్ని ఆ మొన చుట్టూ గడియారం ముల్లుకి ఎదురు దిశలో ఒక చుట్టు తిప్పి రెండు సూదుల మధ్యలోకి తీసుకురండి. ఆ చుట్టుని ఉచ్చులోంచి ముందుకి లాగండి. పాత ఉచ్చుని ఎడమ సూది మీంచి వదిలేయండి. ఉల్టాకి ముందు దారాన్ని రెండు సూదుల మధ్యలోంచి మీవైపుకి తెచ్చుకోవాలి. కుడి సూదిని కుడి నుంచి ఎడమకి గుచ్చితే దాని మొన మీ ముందుకొస్తుంది. చుట్టేది మాత్రం మళ్ళీ అదే దిశ. కొత్తవాళ్ళు ఉల్టాలో రెండో వైపు నుంచి చుట్టేస్తారు, అప్పుడు ఉచ్చు సూది మీద తిరగబడి కూచుంటుంది, పై వరుసలో వి కాళ్ళు కింద మెలిపడి కనిపిస్తాయి. మీ అల్లికలో ఒక వరుస మామూలుగా, ఒక వరుస మెలితో వస్తుంటే కారణం ఇదే.

మొదట కుట్లు వేసుకోవడానికి కూడా కొత్త విద్యేమీ వద్దు. జారుముడి ఒకటి ఎడమ సూదికి ఎక్కించి, దాన్లో సీధా వెయ్యండి, కానీ చివర్లో వదలకుండా, వచ్చిన కొత్త ఉచ్చుని తీసుకెళ్ళి ఎడమ సూదికే తగిలించండి. దాన్లోంచి ఇంకోటి. ఇరవై అయ్యేదాకా ఇదే. ఇంతకంటే అందమైన పద్ధతులు చాలా ఉన్నాయి, తర్వాత చూద్దాం.

ప్రశ్న: నేను ఇంటర్ సెకండియర్. మా అరకులో చలి తెలుసు కదా మేడమ్, మా తమ్ముడికి మఫ్లరు అల్లుతున్నా. ఒక వరుస సీధా, ఒక వరుస ఉల్టా. పైకి చాలా బాగుంది కానీ రెండు పక్కలా లోపలికి చుట్టుకుపోయి గొట్టంలా అయిపోయింది. ఇస్త్రీ చేస్తే పోతుందా?
- ఓ విద్యార్థిని, అరకు

జవాబు: ఇస్త్రీ పెట్టె దూరంగా పెట్టు తల్లీ! నీ ఊలు యాక్రిలిక్ (అసలు ఉన్ని కాదు, కృత్రిమ దారం) అయితే వేడికి సాగి జావలా వేలాడిపోతుంది, మళ్ళీ మామూలు కాదు.

నువ్వు చేసిన తప్పేమీ లేదు, ఆ అల్లిక గుణమే అది. ఇందాకటి బనియనే మళ్ళీ తీసుకో. తుడిచే గుడ్డకని బనియను కత్తిరిస్తే కత్తిరించిన అంచు దానంతటదే సన్నగా చుట్టుకుపోవడం చూశావు కదా? సీధాలన్నీ ఒక వైపు, బుడిపెలన్నీ ఇంకో వైపు ఉంటే, వంగిన దారమంతా ఒకే వైపుకి తిరగాలని చూస్తుంది. పక్క అంచులు వెనక్కి, కింది అంచూ పై అంచూ ముందుకి చుట్టుకుంటాయి.

అన్ని వరుసలూ సీధాయే వేసుకుంటూ పో. తిప్పిన ప్రతిసారీ అది వెనక నుంచి ఉల్టాగా కనపడుతుంది కాబట్టి ముందూ వెనకా సమానంగా పంచుకుని, బట్ట తిన్నగా పడుకుంటుంది, రెండు వైపులా ఒకేలా ఉంటుంది కూడా. మఫ్లరుకి ఇదే మంచిది, దళసరిగా వెచ్చగా ఉంటుంది. లేదూ నీకు రబ్బరులా సాగేది కావాలంటే, ఒకే వరుసలో రెండు సీధా, రెండు ఉల్టా, మళ్ళీ రెండు సీధా అలా వెయ్యి. స్వెట్టరు చేతుల చివర ఉండే పట్టీ అదే. కుట్ల సంఖ్య నాలుగుతో భాగించేలా పెట్టుకుంటే తిప్పినప్పుడు తికమక ఉండదు, మీవైపు సీధాగా కనపడితే సీధా, పూస కనపడితే ఉల్టా, అంతే. ఒక్కటి గుర్తుంచుకో, సీధా నుంచి ఉల్టాకి మారేటప్పుడు దారం ముందుకి, ఉల్టా నుంచి సీధాకి వెనక్కి, ప్రతిసారీ సూదుల మధ్యలోంచే.

ఇప్పటిదాకా అల్లింది విప్పాలా అంటే, నేనైతే విప్పుతాను. ఊలు ఎక్కడికీ పోదు.

ప్రశ్న: ఇరవై కుట్లతో మొదలుపెట్టాను. పది వరుసల తర్వాత లెక్కపెడితే ఇరవై ఏడు. నేను లెక్కల టీచర్ని, నా పరువు పోతోంది.
- ఓ ఉపాధ్యాయురాలు, ఆదిలాబాద్

జవాబు: నవ్వాపుకోలేకపోయాను, క్షమించండి. ఆ ఏడు కుట్లూ ఎక్కువగా అంచు దగ్గరే పుట్టి ఉంటాయి. వరుస తిప్పగానే దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగేస్తే మొదటి ఉచ్చు పైకి లేచి దాని రెండు కాళ్ళూ రెండు కుట్లలా కనిపిస్తాయి, మీరు రెండింట్లోనూ అల్లేస్తారు. ఒక వరుసకి ఒకటి చొప్పున పెరిగి మఫ్లరు కాస్తా విసనకర్ర అవుతుంది. వరుస మొదలెట్టే ముందు దారాన్ని ఒకసారి కిందికి లాగి, సూది కిందుగా వెనక్కి పోనివ్వండి.

మధ్యలో చిన్న కన్నంతో పాటు కుట్టు పెరిగిందంటే అది వేరే సంగతి, దారం ముందు ఉండిపోయి మీరు సీధా వేశారన్నమాట. దారం సూది మీదుగా ఎగిరి కొత్త ఉచ్చు అయిపోతుంది. (లేసు డిజైన్లలో దీన్నే కావాలని చేస్తారు. మీరు తెలియకుండా పై తరగతి పాఠం చదివేశారు.) ఇంకోటి, వరుస మధ్యలో ఆపి లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చాక తిరగేసి పట్టుకోవడం. ఊలు ఉండ నుంచి వచ్చే దారం ఏ సూది మీది కుట్టుకి వేలాడుతోందో ఆ సూది కుడిచేతిలోకి రావాలి. అసలు వరుస పూర్తి కాకుండా లేవకపోవడమే మంచిది, పాలు పొంగుతుంటే తప్ప.

ప్రశ్న: మాది నరసాపురం. చిన్నప్పట్నుంచీ అమ్మ పక్కన కూచుని లేసు అల్లినదాన్ని. ఒక్క సూదితో టేబుల్ క్లాతులు అల్లిన నాకు ఈ రెండు సూదులు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. కుట్టు జారితే ప్రాణం పోయినట్టుంటోంది.
- ఓ లేసు కళాకారిణి, పశ్చిమ గోదావరి

జవాబు: మీరు నన్ను అడగడం నాకే మొహమాటంగా ఉంది. 2024లో మీ నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నేను వీధిలో అందరికీ చెప్పుకున్నాను, మా ఊరు కాకపోయినా.

మీ భయానికి కారణం ఉంది. లేసు అల్లికలో ఎప్పుడూ ఒక్క ఉచ్చే తెరిచి ఉంటుంది, మిగతావన్నీ ముడిపడిపోయినవే. కొక్కెం జారినా పోయేది ఆ ఒక్కటే. ఇక్కడ వంద కుట్లుంటే వందా తెరిచే ఉంటాయి, ఒకటి జారితే దాని కిందది, దాని కిందది, అలా నిచ్చెన మెట్లు పడుతుంది. కానీ గమనించండి, అది కిందికే దిగుతుంది గానీ పక్క కుట్టుని ముట్టుకోదు. పైగా కాస్త గరుకు ఊలైతే తొందరగా జారదు కూడా. కాబట్టి కంగారుపడి సూదులు రెండూ లాగేయకండి.

దీనికి మందు మీ చేతిలోనే ఉంది, మీ కొక్కెం సూది. సన్నం దారం లేసుది కాదు, ఊలు పట్టేటంత పెద్దది తీసుకోండి. సీధా వైపు మీకు ఎదురుగా పెట్టుకుని, జారిన ఉచ్చులోకి కొక్కెం ముందు నుంచి దూర్చి, దాని పైనున్న అడ్డ దారాన్ని పట్టి ఉచ్చులోంచి ముందుకి లాగండి. తర్వాత పై మెట్టు. మీరు రోజూ వేసే గొలుసు కుట్టే కదా! పైదాకా వచ్చాక ఎడమ సూదికి తగిలించండి, కుడి కాలు సూదికి ముందువైపు ఉండాలి. మాలాంటివాళ్ళం దీనికోసం పది రోజులు కష్టపడతాం, మీకు పది నిమిషాలు.

ప్రశ్న: బ్యాంకులో రిటైరయ్యాను. మా ఆవిడ అల్లుతుంటే చూసి నాకూ నేర్చుకోవాలని ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు నవ్వుతారని ఆమె తలుపు వేసుకుని నేర్పుతానంటోంది.
- ఓ పాఠకుడు, సిద్దిపేట

జవాబు: తలుపులు తీసేయండి సార్. పెరూ దేశంలో టిటికాకా సరస్సులో టకీలే అని ఒక దీవి ఉంది, అక్కడ అల్లేది మగవాళ్ళే, చిన్నప్పుడే నేర్చుకుంటారు, వాళ్ళ టోపీలు వాళ్ళే అల్లుకుంటారు. ఆ దీవి వస్త్రకళని 2005లో యునెస్కో గుర్తించింది. అంత దూరం ఎందుకు, టోక్యో ఒలింపిక్స్‌లో డైవింగులో బంగారు పతకం తెచ్చుకున్న టామ్ డేలీ అనే ఇంగ్లండు కుర్రాడు గ్యాలరీలో కూచుని అల్లుకుంటుంటే ప్రపంచమంతా టీవీలో చూసింది. ఎవరైనా నవ్వితే వాళ్ళ చేతికి సూదులిచ్చి నాలుగు కుట్లు వెయ్యమనండి.

ప్రశ్న: మా అమ్మాయికి కెనడాలో జనవరిలో పురుడు. నేను డిసెంబరులో వెళ్తున్నాను. సీధా, ఉల్టా రెండూ వచ్చాయి. స్వెట్టరు మొదలుపెట్టనా?
- ఓ అమ్మమ్మ, అనకాపల్లి

జవాబు: ముందుగానే శుభాకాంక్షలమ్మా. స్వెట్టరు వద్దు, టోపీ చేయండి. స్వెట్టరుకి ముందు, వెనక, చేతులు, మెడ, ఇవన్నీ కొలతకి కలవాలి, కొత్తలో అది సగంలో ఆగిపోయి సంచిలో ఉండిపోతుంది. టోపీ నాలుగు రోజుల పని, యాభై గ్రాముల ఊలు ఉంటే ఇంకా మిగులుతుంది.

మొదట ముప్పై కుట్లతో ఒక జానెడు ముక్క అల్లి మధ్యలో స్కేలు పెట్టి చూడండి, 4 మిల్లీమీటర్ల సూదులతో మామూలు ఊలుకి 10 సెంటీమీటర్లలో 22 కుట్లు రావాలి. 24 వస్తే మీ చెయ్యి బిగువు, కాస్త లావు సూది తీసుకోండి. 20 వస్తే వదులు, సన్నది తీసుకోండి. ఈ ముక్క అల్లడానికి బద్ధకించి నేను ఒకసారి మా మనవడికని అల్లిన టోపీ వాళ్ళ తాతగారికి సరిపోయింది.

పుట్టిన పిల్లల తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. అల్లిక సాగుతుంది కాబట్టి దానికంటే కొంచెం తక్కువ పెట్టుకోవాలి. 70 కుట్లు వేసుకోండి, 32 దగ్గరకి వస్తుంది. రెండు సీధా రెండు ఉల్టా పట్టీ 3 సెంటీమీటర్లు. 70 నాలుగుతో భాగించబడదు, రెండు మిగులుతాయి, అందుకని బయటి వైపు వరుస రెండు సీధాతో మొదలై రెండు సీధాతో ముగుస్తుంది, తిప్పాక ఉల్టాతో మొదలవుతుంది. తర్వాత ఒక వరుస సీధా, ఒక వరుస ఉల్టా, మొత్తం ఎత్తు 11 సెంటీమీటర్లు వచ్చేదాకా. ఇప్పుడు తగ్గించడం. సీధా వరుసలో ఐదు సీధా వేసి, తర్వాతి రెండు కుట్లలోకి ఒకేసారి గుచ్చి రెండింటినీ ఒక కుట్టుగా అల్లండి, వరుసంతా ఇలాగే, 60 మిగులుతాయి. వెనక వరుస మామూలు ఉల్టా. మళ్ళీ సీధా వరుసలో నాలుగు సీధా, రెండు కలిపి ఒకటి, 50. ఆ తర్వాత మూడు, రెండు, ఒకటి, అలా దిగుతూ వస్తే 20 అవుతాయి. చివరిసారి రెండేసి కలుపుకుంటూ పోతే 10. దారం మూరెడు ఉంచి తెంపి, మొద్దు మొన కుట్టు సూదికి ఎక్కించి ఆ పదింట్లోంచి దూర్చి బిగించండి, అదే దారంతో పక్క అంచులు కలిపి కుట్టేయండి.

ఊలు విషయానికొస్తే, అక్కడ అన్నీ మిషన్లోనే వేస్తారు. అసలు ఉన్ని వేడినీళ్ళలో తిరిగితే గట్టిపడి కుంచించుకుపోతుంది, అందుకని మెత్తటి బేబీ యాక్రిలిక్ నయం. మెడకి కట్టే తాళ్ళు, పూసలు, బొత్తాలు పెట్టకండి. ఇంట్లో పాపని పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయమని అక్కడి డాక్టర్లు చెబుతారు, మన అలవాటు వేరని వాదనకి దిగకండి, బయటికి తీసుకెళ్ళేటప్పుడు పెట్టుకోవచ్చు.

మిగతావి గబగబా.

కుట్లు ఎంత బిగుసుకుపోతున్నాయంటే సూది దూరడం లేదు అన్నవారికి: సూది మొన దగ్గర సన్నగా ఉండే భాగం మీదే మీరు కుట్టు ముగిస్తున్నారు. సూది పూర్తి లావు ఉన్నచోటి దాకా ఉచ్చుని జరపండి. ప్రతి కుట్టు తర్వాతా దారం లాగి బిగించే అలవాటు మానుకోండి, ఇది పూలమాల కాదు.

ఎడమచేతి వాటం, వీడియోలు అద్దంలో చూడాలా అన్నవారికి: ముందు మామూలుగానే ప్రయత్నించండి. ఇందులో రెండు చేతులూ పనిచేస్తాయి. దారాన్ని ఎడమచేతి వేలికి చుట్టుకుని అల్లే పద్ధతి యూరప్‌లో చాలాచోట్ల ఉంది, మీకు అదే నప్పవచ్చు.

మఫ్లరు సూది మీంచి ఎలా దించాలి అన్నవారికి: రెండు కుట్లు సీధా వేయండి. కుడి సూది మీద మొదటి కుట్టుని ఎడమ సూది మొనతో ఎత్తి రెండోదాని మీదుగా దాటించి వదిలేయండి, ఒకటి మిగులుతుంది. ఇంకోటి అల్లి, మళ్ళీ దాటించండి. చివరి ఒక్క ఉచ్చు మిగిలాక దారం జానెడు ఉంచి తెంపి దాన్లోంచి లాగేయండి. ఇది బిగుసుకుపోతే ఆ చివర గుంజినట్టు కనపడుతుంది కాబట్టి ఈ వరుసకి కుడిచేతిలో లావు సూది పట్టుకోండి. మిగిలిన దారం కొసకి ముడి వేయకండి, మొద్దు మొన సూదికి ఎక్కించి వెనక బుడిపెల్లోంచి రెండంగుళాలు అటు, ఓ అంగుళం ఇటు దూర్చి కత్తిరించేయండి.